ఆరో అర

నా చిన్నప్పుడు, మద్రాసులో, మా మేనమామ రివాల్వర్ చక్రాన్ని ఒక్కొక్క అర చొప్పున తిప్పుతుంటే, ఆ అరలోకి చూసి "ఖాళీ" అని పలకడం నా పని. రెండు వేసవి సెలవులపాటు ఆ పనిని శ్రద్ధగా చేశాను. మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం తప్పు చేశాను. ఇప్పుడు నేను ఐర్లండ్‌లో, ట్రాలీ అనే పట్టణానికి కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో జీపీగా, అంటే ఊరి కుటుంబాలన్నిటికీ మొదటి డాక్టరుగా, చివరి సంవత్సరం పనిచేస్తున్నాను. ఇంతకాలం తర్వాత, పోయిన నెలలో, ఆనాటి తప్పు మరో రూపంలో నా బల్ల మీదికి వచ్చి కూర్చుంది. రెంటినీ ఒక క్రమంలో రాసిపెడితే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

మా మామయ్య సినిమా కంపెనీలకు తుపాకులు సమకూర్చి, వాటి బాగోగులు చూసే మనిషి. తెలుగులో కౌబాయ్ చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తున్న రోజులవి. కోడంబాక్కం స్టూడియోలలో ప్లైవుడ్డుతో పడమటి దేశపు వీధులు లేచేవి. సారాకొట్టు, జైలు, బ్యాంకు అన్నీ ముందువైపు మాత్రమే ఉండేవి; తలుపు తోసుకుని లోపలికి వెళితే వెదురు కర్రలు, తడి సున్నం వాసన. అక్కడ నిజమైనవి రెండే: గుర్రాలు, మా మామయ్య పెట్టెలోని రివాల్వర్లు. యూనిట్‌లో అందరూ ఆయనను "తుపాకుల మాస్టారు" అనేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా జేబులో రెండు గుడ్డపీలికలు, ఒక పళ్ళు తోముకునే బ్రష్షు, కుట్టుమిషన్ నూనె సీసా ఉండేవి. ఆ నూనె వాసన లేకుండా నాకు ఆయన గుర్తుకు రారు.

ఆ రివాల్వర్లు పాత పద్ధతివి. మీట నొక్కినంత మాత్రాన పేలవు. ప్రతిసారీ వెనకనున్న సుత్తిని బొటనవేలితో లాగాలి; అప్పుడు చక్రం ఒక అర మేరకు తిరుగుతుంది; ఆ తర్వాతే మీట పనిచేస్తుంది. తూటాలు నింపాలన్నా తీయాలన్నా పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కొక్కటిగా చేయవలసిందే. తొందరపడేవాళ్ళకు అది పనికిరాని వస్తువు. మామయ్యకు దాని మీద గౌరవం ఉండడానికి అదే కారణమని ఇప్పుడు అనిపిస్తుంది.

సెట్లో వాడేవి బ్లాంకులు. వాటిలో గుండు ఉండదు, మందు మాత్రమే ఉంటుంది. కానీ దగ్గరనుంచి పేలితే ఆ మందూ, నిప్పూ, గాలీ చాలు మనిషి ప్రాణం తీయడానికి. ఆ మందు మసి ఇనుమును తినేస్తుంది. పైగా మద్రాసు గాలిలో ఉప్పు. అందుకని షూటింగ్ ముగిసిన రోజునే, ఎంత అలసట ఉన్నా, ఆయన ఇరుసు లాగి, చక్రం ఊడదీసి, వేణ్ణీళ్ళతో కడిగి, పాత పంచె పీలికలతో గొట్టం తుడిచి, సన్నగా నూనె పట్టించేవారు. రేపు చేద్దామన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఆయన పాటించే నియమాలలో రెండు నాకు కంఠస్థం. మొదటిది, ఆరు అరలున్నా ఐదే నింపడం. సుత్తి మొన ఎప్పుడూ ఏదో ఒక అర మీద ఆనుకునే ఉంటుంది. ఆ అరలో తూటా ఉంటే, రివాల్వర్ చేజారి కిందపడినా పేలుతుంది. అందుకని ఒకటి పెట్టి, ఒకటి వదిలి, వరుసగా నాలుగు పెట్టి, సుత్తి పూర్తిగా లాగి మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ అర మీదికి వస్తుంది. రెండో నియమం, ఖాళీ రివాల్వర్‌ను ఇద్దరు చూడాలి. తలుపు తెరిచి ఆయన అంకె చెప్పేవారు, నేను అరలోకి చూసి జవాబు చెప్పేదాన్ని. ఒకటి, ఖాళీ. రెండు, ఖాళీ. అలా ఆరు వరకు. ఆ తర్వాతే నటుడి చేతికి ఇచ్చేవారు. పదేళ్ళ పిల్ల మాటకు అంత పెద్ద యూనిట్ ఆగేది. ఆ గర్వం నాకు ఉండేది, కాదనను.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో వివరంగా చెప్పాలి. పొద్దున బయట వీధిలో కాల్పుల సన్నివేశం తీశారు. దర్శకుడికి వరుసగా ఆరు దెబ్బలు కావాలి. మామయ్య ఐదంటే ఐదన్నారు. చాలాసేపు వాదన జరిగింది. చివరికి ఆయన, తన చేత్తోనే హీరోకు అందించి, పని కాగానే తన చేత్తోనే తీసుకుంటానని షరతు పెట్టి, ఆరో అర కూడా నింపారు. ఆయన అలా చేయగా నేను చూడడం అదే మొదటిసారి. హీరో ఐదు కాల్చేసరికి గుర్రం బెదిరి కెమెరా మీదికి వచ్చింది. దర్శకుడు కట్ చెప్పాడు. మామయ్య రివాల్వర్ తీసుకుని, నడుస్తూనే కాలిన తూటాల తొడుగులను ఒక్కొక్కటిగా కడ్డీతో తోసి పొగాకు డబ్బాలో వేసుకున్నారు. ఐదు తోశారు. ఇరవై ఏళ్ళుగా ఐదు తోసిన చేతులు ఐదు దగ్గరే ఆగిపోయాయి.

భోజనాలయ్యాక సారాకొట్టు సెట్లో తర్వాతి సన్నివేశం. దుష్టపాత్ర వేసే పెద్దాయన కుర్చీలో కూర్చుంటాడు; హీరో అతని కణతకు రివాల్వర్ ఆనించి మీట నొక్కుతాడు; "టిక్" మంటుంది; అతను మూర్ఛపోతాడు; హీరో నవ్వుతాడు. అంటే కెమెరా ముందు మీట నిజంగానే నొక్కాలి. ఆ పెద్దాయన రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న మనిషి. రోజూ తన మజ్జిగలో సగం నాకు పోసేవారు. "ఈ వేషంలో నేను చస్తే మా ఇంట్లో పండగ చేసుకుంటారే అమ్మడూ, మజ్జిగ మిగులుతుందని" అని నన్ను నవ్వించేవారు.

మామయ్య చెక్కపెట్టె మీద కూర్చుని రివాల్వర్ తలుపు తెరిచారు. వరుసగా మూడో రోజు నిద్ర సరిగా లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సహాయ దర్శకుడు దూరం నుంచి కేక వేశాడు.

"మాస్టారూ! గుర్రానికి కూడా మేకప్ అయిపోయింది, ఇంక మీదే ఆలస్యం!"

అందరూ నవ్వారు. ఆయన అటు తిరిగి చెయ్యి ఊపి, అలా ఊపుతూనే "ఒకటి" అన్నారు. నేను చూసి ఖాళీ అన్నాను. రెండు, మూడు కూడా చూశాను. నాలుగో అంకెకు గుర్రాన్ని సారాకొట్టు లోపలికి తెచ్చారు. సిమెంటు నేల మీద డెక్కలు జారకుండా దాని కాళ్ళకు గోనెపట్టాలు కట్టారు. ఆ వింతను నేను అంతకుముందు చూడలేదు. నా కళ్ళు అటు వెళ్ళాయి. నోరు మాత్రం ఆగలేదు. నాలుగు, ఖాళీ. ఐదు, ఖాళీ. ఆరు, ఖాళీ. ఎన్నోసార్లు పాడిన పాటలా అది దానంతట అదే ముగిసింది.

హీరో వచ్చి రివాల్వర్ తీసుకున్నాడు. వేలికి తగిలించి రెండుసార్లు గిరగిరా తిప్పి, "ఏం మాస్టారూ, బాగా తిప్పుతున్నానా? ఈసారి ఏదో ఒకటి మెచ్చుకోవాలి మీరు" అన్నాడు. దీపాలు వెలిగాయి. మామయ్య పెట్టె సర్దుతూ పొగాకు డబ్బా మూత తీశారు. ఆయన వేలు తొడుగులను కదుపుతూ ఐదు దగ్గర ఆగింది. నేను ఆయన ముఖం చూశాను. అప్పటిదాకా నాకు తెలిసిన ముఖం కాదది.

ఆయన అరవలేదు. అరిస్తే మీట మీది వేలు బిగుసుకుంటుందని ఆయనకు తెలుసు. మామూలుగా నడిచే మనిషిలాగే నడిచి, కెమెరాకు అడ్డంగా సెట్లోకి వెళ్ళారు. హీరో అప్పటికే సుత్తి లాగి పెద్దాయన కణతకు ఆనించాడు. మామయ్య తన ఎడమచేతి బొటనవేలిని సుత్తికీ చట్రానికీ నడుమ దూర్చారు. ఉలిక్కిపడి హీరో మీట నొక్కేశాడు. సుత్తి మొన మామయ్య గోటిలో దిగింది. అంతే. ఏ చప్పుడూ రాలేదు. ఆయన రక్తం కారుతున్న వేలితోనే రివాల్వర్ తీసుకుని, తలుపు తెరిచి, తిప్పి, ఒక బ్లాంకు బయటికి తోశారు. నేల మీద పడ్డప్పుడు అది చేసిన చిన్న శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కుర్చీలోని పెద్దాయన లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చున్నారు. ప్రొడక్షన్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు చూశారు దీన్ని?"

"నేనే."

"మీతో ఇంకెవరు చూశారు? ఇద్దరు చూడాలని రూలు పెట్టింది మీరే కదయ్యా!"

"ఈవేళ నేనొక్కణ్ణే చూశాను. తప్పు నాది."

ఆయన జీవితంలో చెప్పగా నేను విన్న అబద్ధం అదొక్కటే. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నావైపు చూడనైనా చూడలేదు. కాసేపటికి మేనేజరు చల్లబడి, "పోనీలెండి మాస్టారూ, ఏమీ కాలేదు కదా, కట్టు కట్టించుకుని రండి" అన్నాడు. "అయిందండీ" అన్నారు మామయ్య. జేబులోంచి పెట్టె తాళాలు తీసి మేనేజరు బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత ఏ స్టూడియోలోనూ తుపాకి పట్టుకోలేదు. వడపళనిలో ఒక కుట్టుమిషన్ల దుకాణంలో రిపేరు పనికి కుదిరారు. మా అత్తయ్య చాలా ఏళ్ళు సణిగింది. నూనె వాసన మాత్రం మారలేదు.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు నేను ఏడుపు ఆపుకోలేక, చూడకుండా చెప్పానని ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. ఆయన కట్టు కట్టిన వేలిని రెండో చేత్తో పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ అన్నారు.

"నువ్వు చూస్తున్నావులే అని నేను చూడలేదు అమ్మడూ. నేను చూస్తున్నాలే అని నువ్వు చూడలేదు. ఇద్దరం ఉండబట్టే ఇంత పనైంది. ఒక్కణ్ణే ఉంటే చచ్చినట్టు చూసేవాణ్ణి."

బస్సు వస్తోందేమోనని తొంగి చూసి మళ్ళీ అన్నారు. "చూడ్డం అలుపురా తల్లీ. నమ్మడానికి అలుపుండదు. అందుకే అలిసిపోయినప్పుడు నమ్మేస్తాం."

ఆ మాట అర్థం కావడానికి నాకు యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

నేను ఈ ఊరికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. వచ్చిన మొదటి చలికాలంలో నా క్లినిక్ గుమ్మంలో ఒక సంచి బంగాళాదుంపలు పెట్టి, ఏ మాటా చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి ఒకరున్నారు. పాలకేంద్రంలో మేనేజరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. భార్య పోయారు, పిల్లలు లేరు. తర్వాత ఒకసారి ఫ్లూ వచ్చి పడుకున్నప్పుడు చూడడానికి ఆయన ఇంటికి వెళితే, వంటింట్లోకి అడుగు పెట్టగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కుట్టుమిషన్ నూనె వాసన. బల్ల మీద పాత వార్తాపత్రిక, దాని మీద విప్పిన చక్రం, ఇరుసు, గొట్టం. మామయ్య దగ్గర చూసిన అదే రకం రివాల్వర్.

ఆయనా ఆయన స్నేహితులిద్దరూ నెలకో శనివారం పెద్ద అంచు టోపీలు పెట్టుకుని, కాల్పుల సాధన చేసే రేంజ్‌లో కౌబాయ్‌ల పద్ధతిలో నిలబడి ఇనుప పళ్ళాలను గురిచూసి కొట్టేవారు. ఈ దేశంలో అలాంటి ఆయుధానికి కొత్తగా లైసెన్సు ఇవ్వరు. ఎప్పటినుంచో ఉన్నవాళ్ళకు మాత్రం, అన్నీ సరిగా ఉంటే, మూడేళ్ళకోసారి పొడిగిస్తారు. ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు. అందుకని ఆయన దాన్ని పసిపాపను చూసినట్టు చూసుకునేవారు. మా కెర్రీ జిల్లా తేమకు తుప్పు పట్టకుండా వారానికోసారి విప్పి తుడిచేవారు. నేను ఆయనకు మామయ్య కథ చెప్పాను. ఐదు తూటాల నియమం చెప్పబోతే నవ్వి, తనకూ అదే అలవాటని చేసి చూపించారు. ఒకటి పెట్టి, ఒకటి వదిలి, నాలుగు పెట్టి. ఐదువేల మైళ్ళ అవతల, అంతకుముందు మా మామయ్య పేరు కూడా వినని మనిషి చేతుల్లో ఆ వరుస చూసి, మరోసారి చేసి చూపించమన్నాను.

లైసెన్సు పొడిగించేటప్పుడు గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, దరఖాస్తుదారు ఆరోగ్యం గురించి అతని డాక్టరును అడగవచ్చు. మా స్టేషనువాళ్ళు ప్రతిసారీ అడిగారు. ప్రతిసారీ నేను అభ్యంతరం లేదని రాసి సంతకం చేశాను. పోయిన నెల మళ్ళీ ఆ ఉత్తరం వచ్చింది. వరంగల్లు నుంచి వచ్చి నా దగ్గర శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు దాన్ని మిగతా కాగితాలతో కలిపి నా ముందు పెట్టాడు.

"ఇది గా తుపాకి తాతది మేడం. ప్రతీసారి వెడ్తరు గదా, సంతకం వెట్టేయుండ్రి. బయట పన్నెండు మంది ఉన్నరు."

కలం తీశాను. ఆ రోజు ఉదయం నుంచి ఎంతమందిని చూశానో నాకే గుర్తులేదు. మోకాళ్ళు లాగుతున్నాయి. తేదీ కూడా వేశాను. సంతకం మొదటి అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. మూడేళ్ళ క్రితం ఈ కాగితం మీద సంతకం ఎలా పెట్టానా అని ఆలోచించాను. కౌంటరు దగ్గర నిలబడి, ఇద్దరు రోగుల నడుమ, ఆయన ఏదో జోకు చెబుతుంటే పెట్టాను. ఆ జోకు ఆయన అదే వారంలో నాకు రెండోసారి చెబుతున్నారని అప్పుడు గమనించాను కూడా. గమనించి వదిలేశాను. స్టేషనువాళ్ళు ఆయన ఇల్లూ, ఇనుప పెట్టే చూస్తారు కదా అనుకున్నాను. డాక్టరు చూస్తుంది కదా అని వాళ్ళు అనుకుని ఉంటారు.

కాగితం పక్కన పెట్టాను. మరుసటి వారం ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన సంతోషించారు. ఇనుప పెట్టె ప్రెస్‌లో ఉంటుంది. ఇక్కడివాళ్ళు గోడ అల్మరాను ప్రెస్ అంటారు. రివాల్వర్ తెచ్చి, పత్రిక పరిచి, నా ముందే విప్పి తుడిచారు. ఆ పనిలో ఒక్క లోపం లేదు. వణుకు లేదు, తడబాటు లేదు. నా మనసు తేలికపడింది. మామయ్య కూడా ఇంతకంటే బాగా చేయలేరు అనుకున్నాను. అయినా, మందు లేని ఉత్త ఇత్తడి తూటాలు ఆయన సాధన కోసం ఉంచుకుంటారని తెలుసు కనుక, వాటితో ఒకసారి నింపి చూపించమన్నాను.

"పరీక్షా డాక్టర్?" అని కన్ను గీటారు. ఒకటి పెట్టారు, ఒకటి వదిలారు, రెండు పెట్టారు. అప్పుడు కెటిల్ కూత పెట్టింది. లేచి టీ పోసి, పాలు కలిపి, బిస్కెట్ డబ్బా వెతికి తెచ్చి మళ్ళీ కూర్చున్నారు. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని మిగిలినవి పెట్టారు. సుత్తి లాగి, మెల్లగా, ఎంతో అందంగా దించారు.

"ఎన్ని?" అన్నాను.

"ఐదు. ఎప్పుడూ ఐదే. మీ మామయ్య చెప్పలేదూ?"

తలుపు తెరవమన్నాను. ఆయన తిప్పుతుంటే నేను ఒక్కొక్క అర చూశాను. ఆరింటిలోనూ ఇత్తడి మెరుస్తోంది. ఆయన చూశారు. కెటిల్‌ను తిట్టారు. మళ్ళీ చేస్తానన్నారు. ఈసారి ఏ శబ్దమూ అడ్డం రాలేదు. మళ్ళీ ఆరు నిండాయి, మళ్ళీ ఐదన్నారు. తలుపు తెరవమని నేను అడగలేదు. ఆయనే తెరిచి, తిప్పి, ఆగి, రివాల్వర్‌ను పత్రిక మీద పెట్టారు.

గుడ్డపీలిక తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న గొట్టాన్ని మళ్ళీ తుడిచారు.

"ఇది పోతే మళ్ళీ రాదు. తెలుసుగా మీకు?"

"తెలుసు."

"నా శనివారం స్నేహితులిద్దరూ పోయారు. ఇది కూడా పోతే ఇంక శనివారం ఎందుకు లేవాలి నేను?" ఆయన పట్టుదలగా మళ్ళీ అన్నారు. "మూడేళ్ళ కింద నేను గ్రాండ్‌గా ఉన్నానుగా? బాగానే ఉన్నానని మీరే రాశారుగా డాక్టర్?"

"మూడేళ్ళ కింద నేను చూడలేదు" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. కోపం వస్తుందనుకున్నాను, రావలసింది కూడా. ఆయన ముఖంలో ఉన్నది కోపం కాదు. సెట్లో మజ్జిగ పెద్దాయన కుర్చీలోంచి లేవబోయి లేవలేక కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో ఉన్నదే. ఇన్నాళ్ళూ తన కణత పక్కన ఏముందో అప్పుడే తెలిసిన ముఖం.

"అయితే ఇప్పుడు చూశారు" అన్నారు. టీ చల్లారిపోయింది. వేడిది మళ్ళీ పోస్తానని లేచారు.

క్లినిక్‌కు తిరిగొచ్చి గార్డులకు ఉత్తరం రాశాను. ఆయన దగ్గర ఆయుధం ఉండడం ఇకపై క్షేమం కాదని, ట్రాలీ ఆసుపత్రికి జ్ఞాపకశక్తి పరీక్ష కోసం పంపుతున్నానని రాశాను. చివర మరో వాక్యం చేర్చాను: గతంలో ఇదే విషయమై నేను ఇచ్చిన అభిప్రాయం ఆయనను పరీక్షించి ఇచ్చినది కాదు, ఆ తప్పు నాది. టైపు చేస్తూ కుర్ర డాక్టరు ఆగాడు.

"గీ ఆఖరి లైను తీసేద్దాం మేడం. ఎవరడుగుతున్రు? ఏం గాలే గదా! రిటైరయ్యే ముంగట లేనిపోని లొల్లి మీకు."

ఉంచమన్నాను. ఎందుకో అతనికి వివరించడానికి ఆ పూట ఓపిక లేకపోయింది. అతనికి ఒక పని మాత్రం అప్పగించాను: ఇకమీదట నా ముందు పెట్టే ఏ కాగితమూ మిగతావాటితో కలిపి పెట్టకూడదని, నేను చూశానో లేదో అతను అడగాలని, అతను చూశాడో లేదో నేను అడుగుతానని. కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తర్వాతి వారం నుంచి అడుగుతున్నాడు.

రివాల్వర్ తీసుకెళ్ళడానికి ఒక మంగళవారం ఉదయం గార్డు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. టోపీ చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడింది. పెద్దాయన నన్ను కూడా రమ్మని కబురు పెట్టారు. ముందురోజే దాన్ని చివరిసారి విప్పి, తుడిచి, నూనె పట్టించారు. అప్పగించే ముందు అది ఖాళీ అని చూపించాలి. గార్డు చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"దీనికి ఇద్దరు కావాలమ్మా. డాక్టర్, మీ మామయ్య పద్ధతిలో చేద్దాం. నేను అంకె చెబుతాను."

తలుపు తెరిచారు. ఒకటి అన్నారు. కళ్ళద్దాలు తీసి, వంగి చూశాను. ఖాళీ అన్నాను, తెలుగులోనే. రెండు. మూడు. ఎక్కడా తొందరపడలేదు. బయట గార్డు కారులో రేడియో ఏదో మాట్లాడుతోంది. అటు వెళ్ళబోయిన చెవిని వెనక్కి తెచ్చుకున్నాను. నాలుగు. ఐదు. ఆరో అంకె చెప్పి ఆయన ఆగారు. నేనూ ఆగాను. అరలోకి చూశాను. చాలలేదు, చిటికెన వేలు పెట్టి తడిమాను. చల్లటి ఇనుము, కొంచెం నూనె. ఖాళీ అన్నాను. ఆయన తల ఊపి రివాల్వర్‌ను గార్డు చేతిలో పెట్టారు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక ఆ మాటకు అర్థమేమిటని అడిగారు. చెప్పాను. ఒకటి రెండుసార్లు పలకడానికి ప్రయత్నించి, మొదటి అక్షరం నోరు తిరగక వదిలేశారు. పత్రిక మడిచి పొయ్యి పక్కన పెట్టారు. ఇద్దరం టీ తాగాం. ఆయన శనివారాలకు బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. వీలైనప్పుడు వెళ్ళి కూర్చుంటున్నాను. కొన్నిసార్లు రివాల్వర్ ఎక్కడ పెట్టానని ప్రెస్ వెతుకుతారు. చెబుతాను. ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వింటారు.

ఉత్తరం చివర రాసిన వాక్యానికి గార్డుల పైఅధికారుల దగ్గర నుంచి జవాబు ఇంకా రాలేదు. వస్తుంది. రావాలి కూడా. మామయ్య తాళాలు బల్ల మీద పెట్టి వచ్చిన రోజున ఆయన ఎంత అలిసిపోయి ఉన్నారో ఇప్పుడు నా ఒంటికి తెలుస్తోంది. రోజు చివర కాగితాలు ముందు పెట్టుకున్నప్పుడు మొదటి ఐదూ ఎలాగో చూసేస్తాను. ఆరోదాని దగ్గర, ఎప్పుడూ ఏమీ ఉండదని తెలిసిన దాని దగ్గర, నోరు ముందుకు పరిగెత్తబోతుంది. దాన్ని ఆపి, కళ్ళద్దాలు తీసి, వంగి చూస్తాను. ఆ తర్వాతే ఖాళీ అంటాను.